వేగమునకొక చోటు చూపుడు
(రవాణాశాఖామాత్యులకు బహిరంగ లేఖ)

తెలంగాణ రాష్ట్ర రవాణాశాఖామాత్యులవారి సముఖమునకు,

అయ్యా,

హైదరాబాదు నగరమున నివసించుచు, ఇటలీ దేశమున సాంతాగత బొలొనేసె యను చిన్న పట్టణమునందు నిర్మితమైన లాంబోర్గిని గల్లార్డో కారొకటి స్వంతముగా గల పౌరుడను నేను. ఇట్టి వాహనము గలవాడు ప్రభుత్వమునకు వ్రాయు లేఖ యనగనే అది పన్నుల తగ్గింపునకై చేయు విన్నపమై యుండునని తాము తలచుట సహజము. అది కాదు. చెల్లించిన సుంకములలో గాని, చెల్లింపబోవు రుసుములలో గాని ఒక్క రూపాయి తగ్గింపుమని నేనడుగను. రేషను బియ్యముపై ఆధారపడి జీవించు కుటుంబములు లక్షలుగా నున్న రాష్ట్రమున విలాసవస్తువు ననుభవించువాడు తక్కినవారికంటె హెచ్చుగా చెల్లించుటయే న్యాయమని నా దృఢవిశ్వాసము. నేను కోరునది వేఱు. వేగముగా పోదలచిన వాహనమునకు, అది ఎవరిదైనను సరే, ఎవరి ప్రాణమునకును ముప్పు రాకుండ పోదగిన చోటొకటి ఈ రాష్ట్రమున ప్రజల సొత్తుగా నుండవలెనని కోరుచున్నాను.

ఈ కోరిక యొక్క బలము తమకు బోధపడవలెనన్న, ఇట్టి కారు మనుష్యునకేమి యిచ్చునో, అతని నుండి యేమి తీసికొనునో ముందుగా విన్నవింపక తప్పదు. కొనలేనివారు దీనిని దర్పమని యనుకొందురు. కొన్నవారిలో కొందఱు దర్పమునకే కొందురు. కాని దర్పముతో నిమిత్తము లేని ఆనందమొకటి దీనియందు కలదనియు, దానిని దాచుట అసత్యమగుననియు నేను నమ్ముచున్నాను.

నా కారు పది సిలిండర్లది. అయిదు లీటర్ల యింజను సీట్ల వెనుకనే యుండును; దానికి టర్బో సహాయము లేదు, విద్యుత్తు మోటారు తోడు లేదు; తన గాలిని తానే పీల్చుకొని తన బలమును తానే పుట్టించుకొనును. నాలుగు స్ట్రోకుల యింజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకొకమాఱు మండును గనుక, పది సిలిండర్లకు చుట్టుకు అయిదు మంటలు. నిమిషమునకు 8,000 చుట్లు తిరుగు వేళ సెకనుకు 660కి పైగా మంటలన్నమాట. క్రాంకు షాఫ్టు పిన్నులను చీల్చి, ఒకదానికొకటి కొద్ది కోణము ఎడముగా నుంచి, ఆ మంటలన్నియు సమానవ్యవధులలో జరుగునట్లు కూర్చిన నిర్మాతల యోచన వలన ఆ మ్రోత రొద కాక నాదమగుచున్నది. మంద్రస్థాయిని గురగురలాడుచు బయలుదేరి, కాలు నొక్కినకొలదిని మధ్యస్థాయికెక్కి, తారస్థాయి నందుకొను ఆ రెండు మూడు క్షణములలో, కాలికిని ఇంజనుకును నడుమ ఎట్టి జాగును లేక, మనస్సు తలచినదియు యంత్రము చేయునదియు ఒక్కటిగా తోచును. 2003 మొదలు 2013 వఱకు ఇట్టివి 14,022 మాత్రమే తయారైనవి. తరువాత వచ్చిన హురాకాన్ పది సిలిండర్లను నిలుపుకొన్నది. దానికి వారసత్వము వహించిన టెమెరారియో ఎనిమిది సిలిండర్లకు దిగి, టర్బోలను, విద్యుత్తు మోటార్లను చేర్చుకొన్నది. బలము తగ్గలేదు సరికదా, ఎంతో పెరిగినది. అయినను ఆ పది గొంతుకల నాదము ఇక క్రొత్తగా పుట్టబోదన్న తలంపు ఉన్న కారును మఱింత ఆత్మీయముగా చేయుచున్నది.

బలమును గూర్చి ఎక్కువగా చెప్పితిని గాని, నా యానందములో అధికభాగము వేగముతో పనిలేనిది. శ్రీశైలము దారిలో అమ్రాబాదు పులుల అభయారణ్యము గుండ పోవు రోడ్డు రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వఱకు మూసియుండును. తెల్లవాఱకముందే నగరము వీడి, మన్ననూరు చెక్‌పోస్టు వద్ద గేటు తెఱచు వేళకు చేరుట నా కలవాటు. అడవిలోపల జింకలకును, దుప్పులకును, కంటికగపడని పులులకును పెద్దపీట. వాహనములకు విధించిన మితవేగమునే నేను పాటింతును. ఆ నెమ్మదిలోనే, దోమలపెంట దాటి ఆనకట్ట వైపు దిగు ఘాటు మలుపులలో, నేలకు జానెడెత్తున కూర్చున్న నాకు రోడ్డు మీది ప్రతి గరుకును, ప్రతి యొరగుదలయు స్టీరింగు ద్వారా అరచేతులకు తెలియవచ్చును; చక్రమెంత త్రిప్పవలెనో, ఎప్పుడు బ్రేకు వదలవలెనో శరీరమే నిర్ణయించుకొనును. సంగీతకచేరిలో ముందు వరుసను కూర్చుండినవాడు పొందు ఏకాగ్రత ఎట్టిదో, ఇదియు నట్టిదే. ఇంటికి వచ్చు వఱకు మఱియొక చింత మనస్సునకు రాదు.

ఇందు నాకొక్కనికే చెందని సంతోషము కూడ కొంత యున్నది. సిగ్నలు వద్ద ఆగినపుడు బస్సు కిటికీలలోనుండి ముఖములు వెలుపలికి వచ్చును. పాఠశాల పిల్లలు చేతులూపుదురు. స్కూటరు మీది తండ్రి వెనుకనున్న కుమారునకు వ్రేలితో చూపి ఏదో చెప్పును. ఈర్ష్యతో చూచువారి కంటె ముచ్చటతో చూచువారే ఎక్కువ. ఇది మన జనుల హృదయవైశాల్యమని నేను కృతజ్ఞతతో తలచుచుందును. అయితే ఆ ముచ్చటలోనే ప్రమాదబీజమును కలదు. ప్రక్కన ఆగిన బైకు మీది కుఱ్ఱవాడు తప్పక అడుగు మాట ఒకటే: "అన్నా, ఒక్కసారి రేజ్ జేయన్నా!" వాని కన్నులలోని ఆశను కాదనుట కష్టము, ఆసుపత్రి ముందో, గుడి ముందో ఆ కోరికను తీర్చుట తప్పు. నేను నవ్వి తల యడ్డముగా ఊపుదును. తరువాత దారి పొడుగునను, ఆ పిల్లవాడు ఈ నాదమును న్యాయముగా వినదగిన చోటు ఈ నగరమున ఎచ్చట నున్నదని ఆలోచింతును.

ఇక వ్యయము. విదేశమున నిర్మితమై పూర్తిరూపమున దిగుమతియగు కారు విలువ 40,000 డాలర్లు మించెనా, కొన్నేండ్లు నూటికి నూఱు వంతుల సుంకము మన దేశమున అమలులో నుండెను. సచిన్ టెండూల్కరు బ్రాడ్‌మన్ గారి 29 శతకములకు సరితూగిన సందర్భమున, 2002లో మైకేల్ షుమాకరు చేతులమీదుగా ఫెరారీ 360 మొడేనా కానుకగా లభించినప్పుడు, దానిపై దిగుమతి సుంకమును మినహాయింపదలచుటపై దేశమంతట ఎంతటి విమర్శ చెలరేగినదో తమకు జ్ఞాపకముండును. తుదకు కోటి రూపాయలు మించిన ఆ మొత్తమును ఫియట్ కంపెనీవారే చెల్లించిరి. ఆ విమర్శ చేసిన ప్రజలే సరియని నా యభిప్రాయము. కారు ముసలిదైన వెనుకను రుసుములు తగ్గవు: 20 ఏండ్లు దాటిన వాహనమునకు రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెనన్న సామాన్యపు కారునకు 10,000 రూపాయలు, దిగుమతి కారునకు 80,000 రూపాయలు అని 2025లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. ఇవన్నియు తెలిసియే కొనునవి. వీనిపై ఎక్కువ చెప్పనక్కఱలేదు.

తెలియక కొనునవి వేఱు. నా కారు గేరుపెట్టెకు క్లచ్చి పెడలు లేదు. కాని లోపల నున్నది మాత్రము క్లచ్చియే. నూనె ఒత్తిడితో పనిచేయు యంత్రభుజమొకటి దానిని మనకు మాఱుగా తొక్కుచు వదలుచుండును. తెఱపియైన రోడ్డుపై అది అద్భుతమైన యేర్పాటు. పంజాగుట్టలోనో, గచ్చిబౌలి కూడలిలోనో సాయంకాలపు రద్దీలో అంగుళమంగుళముగా జరుగునప్పుడు, ఆ భుజము సగము తొక్కి సగము వదలుచు క్లచ్చి ప్లేటును తినివేయుచుండును. ఎరిగిన మెకానిక్కు మొదట నేర్పు పాఠమిదే: ముందు వాహనము కదలిన వెంటనే కదలక, నడుమ కొంత తావు ఏర్పడనిచ్చి, ఒక్కమాఱుగా సాగి, మరల పూర్తిగా ఆగవలెను. ఆ తావులోనికి ఆటోలును, బైకులును వచ్చి చేరును, చేరకేమి చేయును? రోడ్డు వారిది కూడ. ఆ ప్లేటును మార్పించుట కగు సొమ్ముతో మంచి మోటారు సైకిళ్లు నాలుగైదు కొనవచ్చును. దీనికి తోడు ఎండకాలపు వేడి. ఇంజను వేడి వీపు వెనుక, తారురోడ్డు వేడి క్రింద. ఫ్యాను తిరుగు చప్పుడు వినుచు ఉష్ణమాపకమును చూచుటయే డ్రైవింగై పోవును. పెట్రోలు సంగతి సరేసరి: దేశమంతట ఇప్పుడు 20 శాతము ఎథనాలు కలిపినదియే పోయుచున్నారు, ఆ మిశ్రమము రాకకు చాల ముందు తయారైన రబ్బరు గొట్టములును, సీళ్లును దానికెంతకాలము తాళునో అను బెంగ పాతకారు గలవారందఱకును కలదు, అది మారుతి యైనను సరే, లాంబోర్గిని యైనను సరే.

స్పీడు బ్రేకర్లను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. ఏలన ఇది తమ ప్రభుత్వము చేతిలోని పని. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ప్రమాణము ప్రకారము స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధముగల వంపు కలిగి, గంటకు 25 కిలోమీటర్ల వేగమున వాహనము సుఖముగా దాటునట్లుండవలెను. మన కాలనీలలో నున్నవి చాలవఱకు ప్రమాణమెరుగనివి. ఇరుకుగా, నిటారుగా, రంగు గుర్తులేక, రాత్రివేళ కంటికానక నిలిచియుండునవి. నా కారునకు ముక్కు నెత్తు మీట యున్నది. దానిని నొక్కి, అడ్డముగా త్రిప్పి, అడుగు గీచుకొనకుండ ఎట్లో దాటుదును. నెలలు నిండిన గర్భిణిని తీసికొనిపోవు ఆటోకు అట్టి మీట లేదు. 108 వాహనములో వెన్ను విఱిగి పండుకొన్న రోగికిని లేదు. పొట్టికారు గలవాని ఫిర్యాదుగా గాక, వారి పక్షమున దీనిని స్వీకరింపుడు.

మఱియొక చిత్రమైన వ్యయమున్నది. వాడిన నరుగునని యింటిలో నుంచుదమన్న, ఉంచినను ఈ యంత్రము చెడును. కదలని టైర్లు ఒకే చోట అణగి, గట్టిపడి, అరుగకుండగనే పనికిమాలినవగును, బ్యాటరీ డస్సిపోవును, నూనె తగులని సీళ్లు ఎండి చీలును. ఒంగోలు గిత్తను కొట్టమున కట్టివేసి మేపినట్లుండును. విలువ తగ్గునను భయముతో కార్లను కప్పి దాచుకొను యజమానులు ప్రపంచమంతట నున్నారు. వారికి వస్తువు దక్కినది గాని, అది యిచ్చు ఆనందము దక్కలేదు.

ఇంతవఱకు చెప్పినది నా సంచి భరించు వ్యయము. దీనికెవరి సానుభూతియు నాకక్కఱలేదు. నన్నీ లేఖ వ్రాయించినది ఇతరులు చెల్లింపవలసి వచ్చు వ్యయము. నా కారు నిలిచిన చోటినుండి నాలుగు సెకండ్ల పైచిలుకులో 100 కిలోమీటర్ల వేగము నందుకొనును. గంటకు 300 కిలోమీటర్లు మించి పోగలదు. 158 కిలోమీటర్ల మన ఔటర్ రింగు రోడ్డుపై గరిష్ఠవేగము 120. ఆరు గేర్లలో మూడవది ముగియకముందే ఆ హద్దు వచ్చును. అనగా ఈ వాహనము యొక్క నిజశక్తిలో సగమునకు పైగా మన రోడ్లపై న్యాయముగా వాడుటకు వీలులేనిది. వీలులేనిదానిని వాడక మానుటకు నిగ్రహము కావలెను; ఆ నిగ్రహము అందఱకును, అన్ని రాత్రులును ఉండునని నమ్మి చట్టములు వ్రాయరాదు. కేంద్ర రవాణాశాఖవారి లెక్కల ప్రకారము 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 71 మందికి పైగా అతివేగము వలన పోయినవారే. ఈ సంఖ్యలో ఇటలీ కార్ల వంతు అత్యల్పమని నాకు తెలియును. చనిపోయినవారిలో ద్విచక్రవాహనములపై నున్నవారే అందఱికంటె ఎక్కువ. కాని వేగమునందలి మోహము ఒక్కటే. కోట్ల కారు గలవానికిని, వాయిదాలపై బైకు కొన్న పందొమ్మిదేండ్ల పిల్లవానికిని అందు భేదము లేదు. వారాంతపు రాత్రులలో రాయదుర్గము నాలెడ్జి సిటీ రోడ్లపై పందెములు వేయు కుఱ్ఱవాండ్రను పోలీసులు పట్టుకొనుచునే యున్నారు. వారు మరల వచ్చుచునే యున్నారు. పట్టుకొనుట అవసరము, అది మాత్రమే చాలదు.

మోటారు వాహనముల చట్టము 189వ విభాగమును తమ అధికారులచేత ఒకమాఱు చదివించుకొనుడని ప్రార్థన. బహిరంగ ప్రదేశమున వాహనములతో పందెము వేసినవానికి మూడు నెలల వఱకు జైలు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసినచో ఏడాది, 10,000 రూపాయలు. అయితే ఆ విభాగమే, రాష్ట్రప్రభుత్వము వ్రాతపూర్వకముగా సమ్మతింపని పందెములను గూర్చియే ఈ శిక్ష యని చెప్పుచున్నది. అనగా శాసనకర్తలు వేగమును సమూలముగా నిషేధింపలేదు. అది ఎచ్చట, ఎప్పుడు, ఏ నియమములతో జరుగవలెనో నిర్ణయించు అధికారమును రాష్ట్రము చేతిలో నుంచిరి. శిక్షించు సగమును మనము వాడుచున్నాము. సమ్మతించు సగము వాడుకలేక పడియున్నది.

వేగమునకట్లు సమ్మతించి చోటు చూపిన దేశములు కలవు. జర్మనీలో ఐఫెల్ అను కొండప్రాంతము మొదటి ప్రపంచయుద్ధానంతరము మిక్కిలి పేదది. అచ్చటి నిరుద్యోగులకు పని కల్పించుట కూడ ఒక ఉద్దేశ్యముగా 1925లో ఆరంభించి, 1927లో తెఱచిన బాటయే న్యూర్‌బర్గ్‌రింగు. అందలి ఉత్తరభాగము 20 కిలోమీటర్లు మించినది, అడవుల నడుమ ఎక్కుచు దిగుచు మలుపులు తిరుగునది. నియమితదినములలో సుంకము చెల్లించి, సామాన్యుడు తన సొంతకారునో, మోటారు సైకిలునో తీసికొనిపోయి అచ్చట నడుపవచ్చును. ఒకే దిక్కుగా ప్రయాణము. ఎదురు వాహనము లేదు, పాదచారి లేడు, పశువు లేదు. ప్రమాదము జరిగినచో రక్షకులు సిద్ధముగా నుందురు. పేదప్రాంతమునకు అది నేటికిని జీవనాధారము. అంతదూరమేల? మద్రాసు పొరుగున షోళవరములో యుద్ధకాలపు విమానపు బాట వాడుక తప్పినపుడు, అచ్చటనే దశాబ్దములపాటు మోటారు పందెములు జరిగినవి; తరువాత 1990లో శ్రీపెరంబుదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టయి వద్ద శాశ్వతమైన ట్రాకు వెలసినది. తమిళదేశము నుండి ఇంతమంది మోటారు క్రీడాకారులు పుట్టుట యాదృచ్ఛికము కాదు.

మన నగరము కూడ ఈ రుచి చూచినదే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు తీరమున ఫార్ములా-ఇ పందెము జరిగినది. ఆ మఱుసటి యేటి పందెము జరుగకపోవుటకును, ఆ పిమ్మట చెలరేగిన వివాదములకును సంబంధించిన విషయములు న్యాయస్థానముల ముందున్నవి గనుక వాని జోలికి నేను పోను. నాకు ముఖ్యమైనది వేఱొకటి. ఆ పందెము నగరము నడిబొడ్డున, రోడ్లు మూసి, కంచెలు కట్టి జరిపినది, ముగియగనే విప్పివేసినది. చూచుటకు వచ్చిన పిల్లలకు చూపు మిగిలినది గాని, నేర్చుకొను చోటు మిగులలేదు. ఔత్సాహికులు స్వంతపెట్టుబడితో వేసికొన్న చిన్న బాటలు అక్కడక్కడ లేకపోలేదు. నాకు కావలసినది ప్రజలదియై, తక్కువ రుసుముతో, ఏడాది పొడుగునను తెఱచియుండునది.

కనుక నా వినతి యిది. ఔటర్ రింగు రోడ్డునకు అందుబాటులో, సేద్యమునకు పనికిరాని ప్రభుత్వభూమిలో, మూడు నాలుగు కిలోమీటర్ల బాటనొకదానిని నిర్మింపుడు. పండు నేలను, రైతు చేతిలోని నేలను ఒక్క ఎకరమైనను దీనికొఱకు తీసికొనరాదు. తీసికొందురేని ఈ వినతిని నేను ఉపసంహరించుకొందును. నివాసములకు దూరముగా నుండవలెను. చప్పుడునకు హద్దు, వేళకు హద్దు ఉండవలెను. వారములో కొన్నిదినములు 108 వాహనముల డ్రైవర్లకును, ఆర్టీసీ, అగ్నిమాపకశాఖల డ్రైవర్లకును జాఱు నేలపై బ్రేకు వేయుట, అదుపు తప్పిన బండిని నిలద్రొక్కుట నేర్పింపుడు. బహుశః ఈ యొక్క ప్రయోజనముతోనే పెట్టుబడి సార్థకమగును. తక్కిన దినములలో లైసెన్సును, బీమాయును, హెల్మెటును గల ఎవరైనను టిక్కెట్టు కొని ప్రవేశింపవచ్చుననుడు. కారునకు హెచ్చు రుసుము, మోటారు సైకిలునకు స్వల్పరుసుము పెట్టుడు. నావంటివాడు చెల్లించు దానితో నాలెడ్జి సిటీ పిల్లవాడు హెల్మెటు ధరించి, ఒక శిక్షకుని కనుసన్నలలో, తన బండి యెంత దూరములో ఆగునో మొదటిసారి తెలిసికొనవలెను. ధనికుల ఆటకు ప్రజాధనమా యని యడుగువారికి నా సమాధానమిది: ధనికుడు ట్రాకులున్న కోయంబత్తూరుకో, చెన్నైకో, గ్రేటర్ నోయిడాకో తన కారును లారీ కెక్కించి పంపుకొనగలడు, పంపుకొనుచునే యున్నాడు. చోటు లేక రోడ్డున పడుచున్నవాడు ఆ పిల్లవాడే.

ఈ బాట నిర్మాణమునకు తమ ప్రభుత్వము సంకల్పించినచో, నగరమందలి నావంటి యజమానులను కలిసి, అయిదేండ్ల ప్రవేశరుసుమును ముందుగానే చెల్లింపుడని కోరుటకు నేను సిద్ధముగా నున్నాను. నా వంతు సొమ్ము స్థలనిర్ణయము జరిగిన దినముననే చెల్లింతును. స్పీడు బ్రేకర్ల విషయమున మాత్రము స్థలమును, ధనమును వెదకనక్కఱలేదు. మునిసిపాలిటీలకు, పంచాయతీలకు ఒక్క ఉత్తరువు చాలును. ఈ రెండింటిపై తమ శాఖ యభిప్రాయమును పత్రికాముఖమున తెలియజేయుడని వేడుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
హైదరాబాదు నగరవాసి యొకడు